జాస్మిన్ ఇంట్లో మంచం లేదట

సరూర్‌నగర్,
నవంబరు 10.

దిల్‌సుఖ్‌నగర్‌లో కొండలెక్కే సామాన్లు అమ్మే దుకాణం వారికి,

ప్రభువు పేరిట వందనాలు. నా పేరు ఎలీశమ్మ. సర్కారు దవాఖానలో ముప్పై ఒక్క ఏళ్లు ఆయాగా చేసి రిటైరయ్యాను. మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక మీ దుకాణానికి వచ్చాను. నా కుడిచెవి అసలు వినదు. ఎడమచెవి దానికి మనసైతే వింటుంది. మీరేమో పాటలు గట్టిగా పెట్టారు. కౌంటరులో ఉన్నాయన పాపం చాలాసేపు ఓపికగా చెప్పాడు గానీ, నాకు వినపడింది ఒక్కటే మాట: "మమ్మీ". నాకు అంత పెద్ద కొడుకు లేడు. ఎందుకు పిలిచాడో తెలియక నవ్వి వచ్చేశాను.

ఫోన్లో అయితే ఆ ఒక్క మాట కూడా వినపడదు. అందుకే ఈ ఉత్తరం. మనిషి దూరి పడుకునే సంచి ఒకటి కావాలి. నేల మీద, చలిలో, పది రోజులు పడుకోవాలి. ఎలాంటిది తీసుకోవాలో రాసి పంపగలరు.

ఇట్లు,
ఎలీశమ్మ

తా.క. దిండు సంచిలోనే ఉంటుందా, మనమే తెచ్చుకోవాలా?


దిల్‌సుఖ్‌నగర్,
నవంబరు 14.

గౌరవనీయులైన ఎలీశమ్మ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి మా అబ్బాయి వినయ్ కరెంటు బిల్లనుకుని పక్కన పడేశాడు. మీరు చూసింది వాణ్ణే. దుకాణం వాడిది. నేను వాడి తండ్రిని, వెంకట్రావుని. బాపట్ల పోస్టాఫీసులో పనిచేసి రిటైరై ఇక్కడికి వచ్చాను. ఉత్తరానికి జవాబు రాయకుండా ఉండటం నాకు చేతకాదు. అయితే ఈ సంచుల గురించి నాకు తెలిసిందల్లా లేబుళ్ల మీద రాసి ఉన్నంతే.

ఇది మీ మనవడి హిమాలయ యాత్రకే అయి ఉంటుందని ఊహిస్తున్నాను. దయచేసి ఉష్ణోగ్రత ఎంతో, పొడవు ఎంతో తెలపండి. మమ్మీ రకం కావాలా, దీర్ఘచతురస్రం కావాలా? మమ్మీ రకమంటే కాళ్ల దగ్గర సన్నగా ఉండి, తలకు ముసుగు ఉంటుంది. ఆ పేరెందుకు పెట్టారో లేబులు మీద లేదు. లోపల బాతు ఈకలు ఉండాలా, ఫైబరు దూది ఉండాలా? మంచుకొండలకైతే ఈకలున్న మమ్మీయే శ్రేష్ఠమని నా అభిప్రాయం.

భవదీయుడు,
వెంకట్రావు

తా.క. మీ ఎడమచెవి కోసం పాటలు తగ్గించమని వినయ్‌కి చెప్పాను. వాడికి రెండు చెవులూ బాగానే ఉన్నాయి. అయినా వినలేదు.


సరూర్‌నగర్,
నవంబరు 19.

వెంకట్రావు గారికి వందనాలు.

ఉష్ణోగ్రత అడిగారు. మీ ఉత్తరం అందగానే థర్మామీటరు పెట్టుకున్నాను. తొంభై ఎనిమిది పాయింటు నాలుగు. జ్వరం ఏమీ లేదు. పొడవు ఐదడుగులకు ఒక వేలు తక్కువ. బాతు ఈకల సంగతి పక్కింటి అండాలమ్మకు చదివి వినిపిస్తే, "ఆ బాతులు ఇప్పుడు చలికి ఏం కప్పుకుంటయమ్మా?" అంది. కాబట్టి దూదే పంపండి.

నాకు మనవడు లేడు. మా అమ్మాయి జాస్మిన్‌కు ఇంకా పెళ్లే కాలేదు. సంచిలో పడుకోవలసింది నేనే.

దేవరకొండ అవతల అడవిలో మా జాస్మిన్ బీట్ ఆఫీసరు. రెండేళ్ల కింద ఆ ఉద్యోగం వచ్చినప్పుడు నేను నోరు జారాను. "అడవిల ఆడిపిల్లకు కొలువేంది? పులులకు కాపలా ఉంటవా?" అన్నాను. ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కించడానికి కూడా పోలేదు. తండ్రి లేని పిల్ల, ఒక్కతే పెట్టె మోసుకుని పోయింది. అప్పటినుంచి నెలకొక ఉత్తరం రాస్తుంది. బాగున్నాను, తిన్నాను, మందులు వేసుకో. అంతే. ఈసారి క్రిస్మస్‌కు సెలవు దొరకదంది. నేనే వస్తానని రాస్తే, "ఈడ మంచం లేదు మమ్మీ. నేల మీదనే పండాలె. నీతోని కాదు" అని జవాబిచ్చింది.

నాతోని అవుతుందో కాదో పోయి చూడాలనుకుంటున్నాను.

ఇట్లు,
ఎలీశమ్మ

తా.క. ముఖం దాకా మూసుకునే ఆ మమ్మీ సంచి నాకు వద్దు. జిప్పున్న అలాంటి సంచులు మా దవాఖానలోనూ ఉండేవి. వాటిలో పోయినవాళ్లెవరూ తిరిగి రాలేదు.


దిల్‌సుఖ్‌నగర్,
నవంబరు 24.

సోదరి ఎలీశమ్మ గారికి నమస్కారాలు.

నా తొందరపాటుకు సిగ్గుపడుతున్నాను. నేనడిగింది అక్కడి రాత్రి చలి ఎంత ఉంటుందని. మీకు జ్వరం లేనందుకు సంతోషం.

అరవై దాటిన మోకాళ్లకు ఏ సంచి నప్పుతుందో లేబులు మీద ఉండదు. అందుకని నిన్న మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉండగా నేనే మమ్మీ రకంలో దూరాను. దూరడం సులువుగానే అయింది. జిప్పు చొక్కాలో చిక్కుకుపోయి బయటికి రావడమే కుదరలేదు. లేచి గెంతుకుంటూ తలుపు దాకా వెళ్లేసరికి మా ఆవిడ ఇందిరాదేవి క్యారియరు పట్టుకుని ఎదురైంది. "ఏమండీ, ఆ గొంగళిపురుగులో ఏం చేస్తున్నారండీ?" అంది. ఆవిడ వెనకే ముగ్గురు కాలేజీ అమ్మాయిలు. వినయ్ పరుగెత్తుకొచ్చి, "నాన్నా, కదలకండి, కదలకండి" అంటూ చొక్కా కత్తిరించి తీశాడు. తీసి, నేల మీద కూలబడి నవ్వాడు. వాడు నా ముందు అలా నవ్వి మూడేళ్లయింది. బ్యాంకు ఉద్యోగం మానేసి ఈ దుకాణం పెట్టిన రోజున నేను కూడా మీలాగే ఒక మాట అన్నాను. ఆ మాట ఇక్కడ రాయను.

సరే, సంచి సంగతి. మీకు దీర్ఘచతురస్రమే మంచిది. జిప్పు పూర్తిగా విప్పితే బొంతలా పరుచుకుంటుంది. మోకాళ్లు ముడుచుకోవచ్చు. లేబులు మీద రెండు అంకెలుంటాయి. మొదటిది హాయిగా నిద్రపట్టే చలి, రెండోది ఎలాగో ప్రాణంతో బయటపడే చలి. మనం మొదటిదే చూడాలి. అక్కడి చలికి ఐదు డిగ్రీలది సరిపోతుందని వినయ్ లెక్క. ఒంటి కింద దూది నలిగి పలచబడుతుంది కాబట్టి కింద పరుచుకునే చాప తప్పనిసరి. రెండూ పంపుతున్నాను. దిండు మాత్రం మీదే.

భవదీయుడు,
వెంకట్రావు

తా.క. మీ దవాఖాన సంగతి చదివి మమ్మీ సంచిని షోకేసులోంచి తీసేశాను. వినయ్ మళ్లీ పెట్టాడు. ఆ ముగ్గురమ్మాయిలు తలా ఒకటి అదే కొన్నారు.


సరూర్‌నగర్,
డిసెంబరు 3.

వెంకట్రావన్నకు వందనాలు.

సంచి అందింది. అండాలమ్మను సాక్షిగా కూర్చోబెట్టుకుని హాలులో పడుకుని చూశాను. హాయిగా ఉంది. రెండు నిమిషాలు చూద్దామనుకుంటే గంటన్నర నిద్రపోయాను. అండాలమ్మ కూడా కుర్చీలోనే నిద్రపోయింది.

ఒక్కటే పరేషాన్. దాని చిన్న కవర్లోంచి సంచి చిటికెలో బయటికొచ్చింది. మూడు రోజులుగా లోపలికి పోనంటోంది. చీరలా మడిచాను, చాపలా చుట్టాను, చివరికి మీద కూర్చున్నాను. దీనికి ఉపాయం రాయండి.

ఇరవయ్యో తారీకున ఎల్‌బీ నగర్‌లో దేవరకొండ బస్సెక్కుతున్నాను. వస్తున్నానని బిడ్డకు రాశాను. మంచం వద్దు, నాకు సంచి ఉంది, ఎట్లా పడుకోవాలో నేర్చుకున్నాను అని అన్నీ రాశాను. రాయవలసిన అసలు మాట మాత్రం రాయలేకపోయాను. తప్పయింది అని కన్నబిడ్డతో ఎట్లా అనాలో కూడా ఏదైనా లేబులు మీద రాసి ఉంటే బాగుండేది.

ఇట్లు,
ఎలీశమ్మ

తా.క. సంచి గాలి కూడా పీలుస్తుందా? పొద్దుటికి కొంచెం లావైంది.


దిల్‌సుఖ్‌నగర్,
డిసెంబరు 7.

ఎలీశమ్మ చెల్లెమ్మకు ఆశీస్సులు.

మడవకండి, చుట్టకండి. అడుగున మొదలుపెట్టి పిడికిలితో కుక్కండి. అందంగా పెట్టాలనుకుంటేనే అది మొండికేస్తుందని వినయ్ చెప్పాడు. ఇంటికి తిరిగొచ్చాక మాత్రం విప్పి పరిచి ఉంచండి. ఎప్పుడూ కుక్కి ఉంచితే దూది చచ్చిపోతుందట.

మీరడిగిన రెండో సంగతికి లేబులు దొరకలేదు. అందుకని నిన్న నేనే ముందు ప్రయత్నించాను. "దుకాణం బాగుందిరా" అన్నాను. వాడు కంగారుపడి, "ఒంట్లో బాగాలేదా నాన్నా?" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు.

క్షేమంగా వెళ్లిరండి.

వెంకట్రావు

తా.క. జ్వరం లేదని తెలిశాక కూడా ఆ చెయ్యి కాసేపు తియ్యలేదు.


అటవీ శాఖ క్వార్టరు,
డిసెంబరు 28.

వెంకట్రావు అంకుల్‌కు నమస్తే.

నేను ఎలీశమ్మ గారి జాస్మిన్‌ని. మీకు థ్యాంక్స్ చెప్పాలి. ఒక సంగతి కూడా ఒప్పుకోవాలి. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

మా క్వార్టర్లో మంచం ఉంది. డిపార్టుమెంటు వాళ్లిచ్చిన ఇనుప మంచం. అమ్మ వస్తే నా బట్టలు సర్దించి వెనక్కి బస్సెక్కిస్తుందని భయపడి, లేదని రాశాను. తర్వాత అమ్మ ఉత్తరం వచ్చింది. రెండు పేజీలు. అందులో ఒకటిన్నర పేజీ సంచి గురించే. రెండేళ్లుగా నాకు రాసినవన్నీ కలిపినా అన్ని మాటలుండవు. అంత నేర్చుకుని వస్తున్న మనిషికి మంచం ఎలా చూపించను? అమ్మ వచ్చే ముందు రోజే దాన్ని మా వాచరు భార్య ముత్తమ్మ ఇంటికి మోయించేశాను.

సంచి జిప్పు విప్పి బొంతలా కప్పుకుని ఇద్దరం నేల మీదే పడుకుంటున్నాం. క్రిస్మస్ నాడు అమ్మను నా బీట్‌కు, అంటే నేను రోజూ గస్తీ తిరిగే అడవికి, తీసుకెళ్లాను. జంతువుల కోసం నేను కట్టించిన నీటి తొట్టి దగ్గర పులి అడుగులు చూపించాను. అమ్మ భయపడుతుందనుకున్నాను. చాలాసేపు చెట్లవైపే చూసి, "గింత పెద్ద అడవిని నీ చేతిల పెట్టిండ్రా, బిడ్డా?" అంది. తర్వాత నా టోపీ సరిచేసింది.

సంక్రాంతి దాకా ఉంటానంటోంది. అలాంటి సంచే ఇంకొకటి పంపండి. మంచం సంగతి మాత్రం అమ్మకు ఎప్పటికీ తెలియనివ్వకండి.

మీ
జాస్మిన్

తా.క. అన్నా, నేను ఎలీశమ్మను. ఈ కవరు అంటించమని బిడ్డ నాకిచ్చింది. చదవకుండ ఎట్ల అంటిస్త? మంచం సంగతి నాకు వచ్చిన రోజే తెలిసింది. గచ్చు మీద నాలుగు మంచంకోళ్ల గుర్తులు ఇంకా తెల్లగనే ఉన్నయి. ముత్తమ్మనడిగితే తీసుకపోయి చూపించింది. దాని మీద వాళ్ల మేక పండుకున్నది. బిడ్డకు మాత్రం చెప్పకుండ్రి. ఆ రెండో సంచి కూడా జర ఆలస్యంగా పంపుండ్రి. ఒక్కటే కప్పుకుంటే, నిద్ర పట్టేదాక నాతోని ముచ్చట పెడుతున్నది.