రంగూను చుట్టు రైలులో నీ సీటు

అన్నా,

ఊరి చుట్టూ తిరిగే మన రైలుకి కొత్త పెట్టెలు వచ్చాయి. లోపల చల్లగా ఉంటోంది, వేళకి వస్తోంది. ‘సమయపాలన’ అనే మాట ఈమధ్యే తెలుగు క్లాసులో నేర్చుకున్నాను. ముందు నీకే చెప్పాలనిపించింది.

కిటికీలు మాత్రం తెరుచుకోవు. పాత రైలు ఆగకముందే నువ్వు కిటికీలోంచి సంచి విసిరి నాకు సీటు పట్టేవాడివి. జనంలో విడిపోతే, “నువ్వు దిగీకు. రైలు తిరిగి ఇక్కడికే వస్తాది, అప్పుడు నానెక్కుతాను,” అనేవాడివి.

సైన్యం కాల్పులు జరిపిన రోజు నిరసన ఊరేగింపుకి వెళ్ళి నువ్వు తిరిగి రాలేదు. అప్పటినుంచి క్లాసులు లేనప్పుడల్లా పూర్తి చుట్టు తిరుగుతున్నాను. నీ సంచి పక్క సీట్లో పెడతాను.

ఈరోజు కూరల గంపతో ఒక ముసలామె ఎక్కింది. నా బొట్టు చూసి తెలుగులోనే అడిగింది.

“ఏటమ్మీ, సంచికి సీటేటి? దానికేటి కాళ్ళనొప్పులా?”

“మా అన్నకి, మామ్మా.”

“ఏ స్టేషన్లో ఎక్కుతాడు?”

“తెల్దు.”

ఆమె నవ్వు ఆగిపోయింది. సంచి వైపు కాసేపు చూసింది.

“ఉంచమ్మా,” అని గంప దించుకుని, నేలమీదే కూర్చుంది.

అన్నా, ఇప్పుడు తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. పరుగెత్తి వచ్చి పట్టుకోవడానికి బయట కమ్మీ లేదు. కాస్త ముందే వచ్చి ప్లాట్‌ఫాం మీద నిలబడు. నేనింకా దిగలేదు.

నీ చెల్లి