రేగిపండ్ల జాము పెట్టిన డోనట్లు

కోవిల్‌పట్టి,
5-2-2025, బుధవారం.

చిరంజీవి బృందకు మీ అత్త సీనియమ్మాళ్ దీవించి రాసేది. ఇక్కడ నేను, రెండు కోళ్లు క్షేమం. అక్కడ నువ్వు, మీ అమ్మ క్షేమమని తలుస్తా. ఫోనుండగా ఉత్తరమేందని నవ్వుకుంటావు. ఫోన్లో నువ్వు గొంతు తగ్గించి అత్తా అంటే చాలు, చెప్పాల్సింది మర్చిపోయి అన్నం తిన్నావా అని అడిగి పెట్టేస్తా. మన తెలుగు మాటకు అక్షరం నేర్పినోళ్లు మనకు లేరు గదా, అందుకని అరవ అక్షరాల్లోనే మన మాట రాస్తున్నా. మనసులో చదవద్దు, నోరు తెరిచి చదువు. అప్పుడే నేను మాట్లాడినట్టు ఉంటుంది.

మీ అమ్మ అంతా చెప్పింది. పొంగల్ పండక్కి పుట్టింటికి పోయిన నీకు అక్కడ ఒక సంబంధం వచ్చిందంట. పిల్లోడి పేరు కుమారవేల్, మిరపకాయల గోడౌన్లో పని, పెండ్లాం జబ్బు చేసి పోయిందంట. శుక్రవారం చూసేదానికి వస్తామంటే నువ్వు వద్దు పొమ్మన్నావంట. నేను పోతే మా అత్త ఒంటిదైపోతుంది, ఆమెకు పిండి కలపడం కూడా రాదు, మురుగేశన్ టీకొట్టుకు డోనట్లు ఎవరు వేసిస్తారు అన్నావంట. నా కొడుకు, నీ మొగుడు ఇసక్కిపాండి జ్వరంతో పోయి మూడేండ్లు. ఈ ఇంటిని నువ్వు ఫోన్లో చూసి నేర్చుకున్న ఆ డోనట్లే నిలబెట్టినాయి, కాదనను. కానీ రాదు అన్న మాట ఉందే, అది నాకు గుచ్చుకుంది. శనక్కాయ మిఠాయి కంపెనీలో ఒక వయసంతా పాకం చూసిన చేయమ్మా ఇది.

అయినా నువ్వన్నదాంట్లో తప్పు లేదు. నువ్వు పిండి కలిపేటప్పుడు నేను కంపెనీలో ఉంటా. సాయంత్రం వచ్చి వేయించడం, జాము పెట్టడమే నా పని. పిండి ఎట్ల పుడుతుందో నేను చూసింది లేదు.

నేనే కలిపి చూద్దామని మొదటిసారి ఏం చేస్తినో చెప్తా, నవ్వకూడదు. సాయంత్రం పాలు గోరువెచ్చన చేసి, చక్కెర, ఈస్టు వేసి, నురగ లేచినాక మైదాలో పోసి, వెన్న వేసి పిసికి, గిన్నెలో పెట్టి మూతేసి పడుకున్నా. దోసెపిండి తెల్లారేదాకా పులిస్తేనే గదా పిండి. ఇదీ అట్లే అనుకున్నా. పొద్దున లేచి చూస్తే మూత నేల మీద ఉండాది. పిండి గిన్నె దిగి గడప దాకా నడిచొచ్చింది. ఇల్లంతా కల్లు వాసన. పారేయబుద్ధి కాక కోళ్లకు వేస్తిని. అవి తిని, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా మంచం కింద తూగుతా పడుకున్నాయి.

మరుసటి రోజు పనికి పోలేదు. పొద్దున కలిపి, తడిగుడ్డ కప్పి, దాని పక్కనే కూచున్నా. ఇసుమంత ఎండ కిటికీలోంచి వచ్చి గుడ్డ మీద కూచుంది. ఆ పిండి ఎంత విచిత్రమో బృందా. చూస్తా ఉంటే కదలదు, చూపు తిప్పి మళ్లీ చూస్తే పెరిగుంటుంది. పాండి కడుపులో ఉన్నప్పుడు పొట్ట తాకి చూసుకున్నట్టు దాన్ని వేలితో తాకి తాకి చూస్తిని. వేలు లోపలికి పోయి, మెల్లగా మళ్లీ బయటికి వచ్చింది. కడంబూరు వైపు పోయే రైలు కూత, ఎదురింట్లో గిన్నెలు తోమే చప్పుడు, అన్నీ నీళ్లలోంచి వినిపించినట్టు ఉండె. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

పాండి వచ్చినాడు. అదే నీలం చొక్కా. నా పక్కన చతికిలబడి డోనట్ ఒకటి తీసి కొరికితే, జాము చొక్కా మీద కారింది. వాడు తుడుచుకోలేదు. నీ గురించి అడుగుతాడని నేను చూస్తా ఉండాను. అడగలేదు. ఇంకొకటి తీసుకున్నాడు, నీళ్లు కావాలన్నాడు. కలలో కూడా వానికి ఆకలే. నాకు కోపమొచ్చి, నీ పెండ్లాం ఏమైందని ఒక మాటన్నా అడగవేమిరా అని తిట్టబోతే మెలకువొచ్చింది. వాడు నిన్ను ఏమీ అడగడం లేదమ్మా. అడుగుతున్నాడని మనమే అనుకుంటున్నాం. నాకైతే ఆ పూట గుండె మీది బరువు కాస్త దిగింది.

అప్పటికి పిండి గుడ్డను పైకెత్తి ఉండాది. లోటా అంచుతో గుండ్రంగా కోసి, కాసేపు ఆరనిచ్చి, సన్న మంట మీద వేయించినా. ఒక్కొక్కటీ తేలి, ఉబ్బి, నడుముకు తెల్ల గీత కట్టుకుని వచ్చింది. బస్టాండు దగ్గర అమ్మే రేగిపండ్లు ఉడికించి, గింజ తీసి, తాటిబెల్లంతో జాము చేసుంటిని. నువ్వు దాచిన సూది లేని ఇంజక్షన్ గొట్టంతో దాన్ని లోపలికి ఎక్కించినా. మొదటివి రెండు పగిలినాయి, వాటిని నేనే తిన్నా.

మురుగేశన్‌కు తీసుకపోయి ఇస్తే, నిలబడే ఒకటి తిన్నాడు. నోరు తుడుచుకుని, బృంద ఊరి నుంచి వచ్చేసిందా అని అడిగినాడు. ఆ మాటకు నాకు ఎంత సంతోషమో అంత ఏడుపు. ఎండ కంట్లో పడిందని చెప్పి వచ్చేస్తిని.

ఈ ఉత్తరంతో పాటు ఒక డబ్బా బస్సు కండక్టరు చేతికి ఇస్తున్నా. తిని చూడు. తీపి తక్కువైతే తక్కువని చెప్పు, మొహమాటానికి బాగుందనొద్దు. నువ్వు లేని ఇల్లు నాకు బాగుండదు, అబద్ధమెందుకు. సాయంత్రం తలుపు తీసేటప్పుడు నీ గొంతు వినిపించకపోతే కాళ్లు లోపలికి రావు. అది నా బాధ, నేను చూసుకుంటా. దాన్ని నువ్వు నీ నెత్తిన పెట్టుకుని కూచోవద్దు. పిండి కలపడం నాకు వచ్చేసింది. ఆ సాకు ఇంక చెల్లదు.

మీ అమ్మకు నా దండాలు చెప్పు. వేళకు తిను.

నీ మేలు తప్ప ఇంకేమీ కోరని అత్త,
సీనియమ్మాళ్.

మడిచినాక మళ్లీ విప్పి రాసేది: మీ అమ్మ చెప్తే సంబంధం సంగతి తెలిసిందని పైన రాస్తిని. అది అబద్ధం. ఆ సంబంధం పంపించింది నేనే. దీపావళి పోయినాక పెండ్లి మాటలు మాట్లాడే మూక్కన్‌ను పిలిచి, నా పేరు బయటపెట్టొద్దని ఒట్టు వేయించుకున్నా. ఊరికే పంపలేదు. చుట్టాల ఇంటికని నీకు చెప్పి, విరుదునగర్ పోయి, ఆ గోడౌన్ ఎదురుగా పొద్దుగూకేదాకా కూచున్నా. పని దిగి కుమారవేల్ బయటికి రాగానే, అక్కడికొచ్చిన వాళ్లక్క తన పసిబిడ్డను ఎత్తుకోమని ఇవ్వబోయింది. కుమారవేల్ ముట్టుకోలేదు. మిరప మంట అంటిన చేతులకు నూనె రాసి, సబ్బుతో కడిగి, వాసన చూసుకుని, మళ్లీ కడిగి, అప్పుడు ఎత్తుకున్నాడు. నాకు అది చాలింది. నువ్వు వద్దన్నా, ఈ శుక్రవారం రమ్మనే మూక్కన్‌తో వాళ్లకు చెప్పించినా. వాళ్లొచ్చేటప్పుడు తల్లో పూలు పెట్టుకో. పాండిని కన్నదాన్ని, నేను చెప్తున్నా, పెట్టుకో.