కాస్త దిగులుగా ఉన్న రైతు కావాలి

గౌరవనీయులైన కాఫీ రైతుల సహకార సంఘం కార్యదర్శి గారికి ఒక చిన్న కాఫీ కొట్టు యజమాని నమస్కరించి రాసుకునేది.

అయ్యా,

మీరు నన్ను ఎరగరు. ఎరిగినవాళ్ళెవరూ నాతో వ్యాపారం చెయ్యరు కాబట్టి అదీ ఒకందుకు మంచిదే. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా పని ముందుగానే మానేసి, వచ్చిన డబ్బుతో ఈ కొట్టు పెట్టాను. కాఫీ గురించి మీకేం తెలుసని మా ఆవిడ అడిగింది. తాగడం తెలుసన్నాను. ఆ జవాబుకి ఫలితం ఇప్పటిదాకా అనుభవిస్తున్నాను.

ఈమధ్య నాలో మనస్సాక్షి అనేది నిద్ర లేచింది. కాఫీ పండించే ఆఫ్రికా రైతుకి న్యాయమైన ధర అందాలని పేపర్లో చదివి, సూపర్ మార్కెట్‌కి వెళ్ళి ‘రైతుకు న్యాయం’ అని రాసి ఉన్న డబ్బా కొన్నాను. ఏ రైతుకి, ఎంత న్యాయం అని కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్నారు. అన్నీ నొక్కాను. పాట వచ్చింది గానీ రైతు రాలేదు. చివరికి ఓ టోకు వ్యాపారి గోదాములో ఖాళీ బస్తా మీద మీ సంఘం చిరునామా దొరికింది.

నాకు ఒక బస్తా కావాలి. మీరు చెప్పిన ధర మీద ఇంకెంత కలిపితే న్యాయమవుతుందో కూడా రాయండి. అలాగే, గోడకి తగిలించడానికి మీ రైతు ఫోటో ఒకటి పంపండి. కాస్త దిగులుగా ఉన్నవారైతే మేలు. నవ్వే రైతుని చూస్తే కొనేవాళ్ళకి జాలి పుట్టదు.

ఇట్లు,
మీ మేలు కోరే కాఫీ కొట్టు యజమాని

తా.క. మా ఆవిడ టీ తాగుతుంది. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనివ్వండి.

*

కాఫీ కొట్టు యజమాని గారికి సంఘం సభ్యులందరి తరపున నమస్కారాలు.

మీరు ‘అయ్యా’ అని మొదలుపెట్టారు. నేను ఆడమనిషిని. ఫర్వాలేదు, బ్యాంకువాళ్ళు కూడా అలాగే రాస్తారు.

మా సంఘంలో ఒక నియమం ఉంది. కొనేవాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన ఏ ఉత్తరమైనా సభ్యులందరి ముందు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవాలి. వెనక ఒక కార్యదర్శి తనకి నచ్చిన ముక్కలు మాత్రమే చదివి కొంప ముంచాడు. అప్పట్నుంచి ఈ కట్టుబాటు. గింజలు ఆరబోసే షెడ్డులో బెంచీలు వేసుకుని అందరూ విన్నారు. కాబట్టి మీ ఆవిడ గారి టీ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు.

బస్తా పంపుతున్నాం. మా దగ్గర ఎక్కువగా కొనే ఒకాయన సరుకుతోపాటు మీదీ ఓడెక్కింది. అవి పచ్చి గింజలు, వేయించుకోవడం మీ పని. ధర మీద మీరు అదనంగా ఇచ్చేది ఎవరి జేబులోకీ పోదు. ఉమ్మడి నిధిలో పడుతుంది, దాన్ని దేనికి వాడాలో చేతులెత్తి తేల్చుకుంటాం. మందుల గది కట్టాలని చాలామంది అంటున్నారు.

ఫోటో దగ్గర పేచీ వచ్చింది. దిగులుగా కూర్చోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి మా కోశాధికారి ఒప్పుకున్నాడు గానీ, ఫోటో అనేసరికి కొత్త చొక్కా తొడుక్కుని, చలవ కళ్ళద్దాలు పెట్టుకుని, మోటారు సైకిలెక్కి కూర్చున్నాడు. ఉన్నదాంట్లో అదే నయం.

ఇట్లు,
సంఘం కార్యదర్శి

తా.క. కొనేవాళ్ళ ఫోటోలు మా ఆఫీసు గోడకి పెట్టుకుంటాం. మీదీ ఒకటి పంపండి. దిగులుగా ఉండనక్కర్లేదు, మామూలుగా ఉంటే చాలు.

*

కార్యదర్శమ్మ గారికి నమస్కారాలు. తప్పుగా సంబోధించినందుకు లెంపలేసుకుంటున్నాను.

బస్తా చేరింది. వాసనకే ప్రాణం లేచొచ్చింది. వేయించడం మాత్రం నేను అనుకున్నంత తేలిక కాదు. మొదటి వాయికి వీధి చివరిదాకా పొగ కమ్మి, ఎదురింటాయన పిల్లలతో సహా రోడ్డు మీదకి వచ్చేశాడు. రెండో వాయి కాఫీ రంగుకి వచ్చింది. మూడో వాయి నేను తాగగలిగాను.

మీ కోశాధికారి గారి ఫోటో గోడకెక్కింది. ఒకాయన దాన్ని చాలాసేపు చూసి, ‘ఈయన బండి నా బండి కన్నా బాగుందండీ, నాకే ఏదైనా తగ్గించండి’ అన్నాడు. జాలి కొనడానికొచ్చిన ఆయన మీదే పుట్టింది.

మా కొట్టు సంగతులంటారా, దివ్యంగా ఉన్నాయి. పైకప్పు కారుతోంది. కారేచోట బకెట్టు పెట్టాను. వచ్చినవాళ్ళు అదేదో కాఫీ వడగట్టే కొత్త పద్ధతి అనుకుంటున్నారు. వచ్చినవాళ్ళు అన్నాను గానీ, ఎక్కువగా వచ్చేది కరెంటు బిల్లు ఇచ్చే మనిషే. ఈ ముక్కలు సరదాకి రాస్తున్నాను, దయచేసి సభలో చదవకండి.

నా ఫోటో జత చేశాను. చేతికి ఇదొక్కటే దొరికింది. పన్ను నొప్పితో బుగ్గ వాచినప్పటిది.

ఇట్లు,
యజమాని (ప్రస్తుతానికి)

తా.క. వానాకాలం అయ్యేలోగా కొట్టు కుదుటపడకపోతే మూసేసి మా బావమరిది టైల్స్ షాపులో లెక్కలు రాయాలని ఇంట్లో తీర్మానం జరిగింది. ఇంట్లో కూడా చేతులెత్తే పద్ధతే. ఎత్తింది ఒక్క చెయ్యే.

*

కాఫీ కొట్టు యజమాని గారికి,

‘దయచేసి చదవకండి’ అన్న వాక్యం కూడా చదివాను. నియమం నియమమే.

ఫోటో షెడ్డులో అందరి చేతులూ మారింది. సంఘం పెట్టిన రోజు నుంచీ ఉన్న మా పెద్దమ్మ దాన్ని వెలుతురులోకి పట్టుకుని చూసి, ‘ఈ అబ్బాయికి ఇంట్లో అన్నం పెడుతున్నారా’ అని అడిగింది. సభ్యులు అడగమన్నవి ఇవి: మీ కొట్టులో ఆ బకెట్టు ఒక్కటేనా, ఇంకా కావాలా? బావమరిది కొట్టే రకమా? టైల్స్ షాపు నుంచి సాయంత్రం పూట బయటికి వదులుతారా?

మీ విషయం చూడటానికి ఉపసంఘం వేశాం.

దిగులుతో,
సంఘం కార్యదర్శి

తా.క. మీరు కోరినట్టే దిగులుగా ఉన్న ఫోటో గోడకెక్కింది. కాకపోతే మా గోడకి.

*

కార్యదర్శమ్మ గారికి,

ఉపసంఘం వెంటనే రద్దు చెయ్యండి. నేను బాగున్నాను. నా మీద నేనే జోకులేసుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం, అంతకు మించి ఏమీ లేదు. మీకు సాయం చేద్దామని బయల్దేరినవాణ్ణి నేను. ఇందులో ఎవరు ఎవర్ని ఆదుకోవాలో దయచేసి మర్చిపోకండి. మా కొట్టు ముందు పొద్దున్నే జనం బారులు తీరి ఉంటారు.

ఇట్లు,
యజమాని

తా.క. బారులు తీరడం నిజమే. పక్కనున్న పళ్ళ డాక్టరు కోసం. ఈ ముక్క మా ఆవిడ పక్కన నిలబడి రాయించింది.

*

తమ్ముడికి,

ఇకనుంచి ఇలాగే పిలవమని సభ తేల్చింది. ఎందుకో చెబుతాను.

ఉమ్మడి నిధితో నీ కొట్టు కప్పు బాగుచేయించాలని పెద్దమ్మ ప్రతిపాదించింది. నిధి సభ్యుల కోసమే వాడాలి కదా అని కోశాధికారి అడ్డుపడ్డాడు. అయితే సభ్యుణ్ణి చెయ్యండి అంది. సభ్యుడికి కాఫీ చెట్టుండాలి అన్నాడు. తన చెట్లలో ఒకటి నీ పేర రాసేసింది. దారి పక్కది, మేకలు తినేది, అయినా చెట్టే.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, మందుల గదికీ నీ కప్పుకీ సరిసమానంగా చేతులు లేచాయి. మిగిలింది కొత్త సభ్యుడి ఓటు. నీది. నీకు నచ్చినట్టు వెయ్యి, మేమేమీ అనుకోం. సభ్యుడివి కాబట్టి నీకూ నియమం వర్తిస్తుంది. ఈ ఉత్తరాన్ని నువ్వు పని చేసేచోట అక్కడున్నవాళ్ళందరికీ వినపడేలా చదవాలి.

ఇట్లు,
అక్క (కార్యదర్శి)

తా.క. ఈ తాజాకలం కూడా.

*

అక్కకి నమస్కారాలు.

చదివాను. ఆ టైముకి వాన పట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరి జనమంతా మా కొట్టులోకి చేరారు. మా ఆవిడ, బావమరిది కూడా ఉన్నారు. నా కప్పు సంగతి చదువుతుంటే కప్పు బకెట్టులోకి టపటపా తాళం వేసింది. మేకల దగ్గర అందరూ నవ్వారు. ఓటు దగ్గరకి వచ్చేసరికి కాగితం మా ఆవిడ చేతికిచ్చాను, మిగతాది తనే చదివింది.

అక్కా, నిజం చెబుతున్నాను. నేను సరదాకి రాశానన్నవన్నీ ఉన్న మాటలే. ముందు నేను నవ్వేస్తే ఇంకెవరూ నవ్వరని అలా రాస్తాను. కొట్టు మునుగుతోంది. నాకు భయంగా ఉంది. ఆ టైల్స్ షాపు కుర్చీ తలచుకుంటే నిద్ర పట్టడం లేదు.

అయినా నా ఓటు మందుల గదికే. నా కప్పు కారితే తడిసేది నేల. మందుల గది లేకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? చేసే మేలంతా నాదే అనుకుని కలం పట్టినందుకు సిగ్గుగా ఉంది. పెద్దమ్మకి నా దణ్ణాలు.

ఇట్లు,
తమ్ముడు

తా.క. కవరు అంటించబోతుంటే బావమరిది నిచ్చెనతో దిగాడు. ‘ఎక్కడివాళ్ళో వచ్చి మా బావ కప్పు వేయిస్తే, టైల్స్ అమ్ముకునే నా మొహం ఎక్కడ పెట్టుకోను’ అంటూ షాపులో అమ్ముడుపోని సరుకంతా పైన పరిచేశాడు. కారడం ఆగింది. పైనుంచి చూస్తే నా కొట్టు గులాబీ పువ్వుల స్నానాల గదిలా ఉంది. నెక్స్ట్ ఉత్తరం ఎప్పుడు చదువుతారని జనం అడుగుతున్నారు. రోగులు కాఫీ తాగరు, వాళ్ళ నోళ్ళకి స్పర్శ ఉండదు. తోడొచ్చినవాళ్ళు తాగుతున్నారు, కొందరు రెండోసారి కూడా. మూసివేత తీర్మానం వచ్చే వానాకాలానికి వాయిదా పడింది.

*

తమ్ముడికి అక్క దీవెనలు.

ఒక సంగతి దాచాం. మందుల గదికి నిధి నీ మొదటి ఉత్తరం రాకముందే ఇచ్చేశాం. గోడలు కిటికీల దాకా లేచాయి. నీ కప్పు మీద ఓటింగు జరగలేదు, ఉపసంఘం లేదు, దేనికీ చేతులు సమానంగా లేవలేదు.

దిగులుగా ఉన్న రైతు కావాలని నువ్వు రాసినప్పుడు సగం మంది నవ్వారు, సగం మందికి ఒళ్ళు మండింది. మా దగ్గరికి కెమెరా పట్టుకొచ్చే ప్రతి మనిషీ నవ్వొద్దనే చెబుతాడు. గట్టిగా జవాబు రాయమని పట్టుబట్టారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. ‘తిట్టొద్దు. ఆయన మనల్ని ఎలా చూశాడో మనమూ ఆయన్ని అలాగే చూద్దాం, ఎలా ఉంటుందో తెలుస్తుంది’ అంది. ఆ తర్వాత నేను రాసిన ప్రతి ముక్కా ఆవిడ చెప్పిందే. నీ జవాబు వచ్చిన రోజు షెడ్డులో కూర్చోను చోటుండేది కాదు.

మొన్నటి ఉత్తరం కూడా నవ్వుకుందామనే విప్పాం. నీ ఓటు దగ్గరకి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. ఆ వాక్యం పెద్దమ్మ మళ్ళీ చదివించుకుంది. తర్వాత లేచి నిలబడి, ఆటకి చేసిన సభ్యత్వాన్ని నిజం చేద్దామంది. ఈసారి ఓటింగు నిజంగానే జరిగింది. అందరి చేతులూ లేచాయి, కోశాధికారివి రెండూ.

ఇట్లు,
నీ అక్క

తా.క. కొత్త సభ్యులు మొదటి ఏడాది సభ అయ్యాక బెంచీలు ఎత్తిపెట్టాలి. నువ్వు వచ్చేదాకా నీ వంతు పెద్దమ్మ ఎత్తుతానంటోంది, ఎంత చెప్పినా వినదు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. తొందరగా బయల్దేరు.