రింగు కింద ధాన్యం

శుక్రవారం, పొద్దున

ఫోనులో చూసే అమెరికా బాస్కెట్‌బాల్లో పచ్చ బనియన్లవాళ్ళు ఓడారు. చేతిలో ఉన్న ఆట! ఆఖరి నిమిషం దాకా ముందున్నారు. అప్పుడు ఆ గడ్డపోడు పక్కవాడికి బంతి ఇవ్వకుండా తనే ఎగరేశాడు — పోయింది. ఇడ్లీ సయించలేదు నాకు. అమెరికాలో ఇప్పుడు రాత్రి. వాడు పడుకునుంటాడు హాయిగా. ఇక్కడ నేను మండిపోతున్నా.

సుజాత రాస్తోంది. నాకు అక్షరం రాదు, కోడలికి వచ్చు. చెప్పింది చెప్పినట్టు రాయాలి, దిద్దకూడదు.

"తిట్లు కూడానా అత్తయ్యా?"

తిట్లే ముందు రాయి.

బనియన్ల మీద పేర్లు చదవలేను. రంగులే నాకు పేర్లు. పచ్చవాళ్ళు నావాళ్ళు. పసుపువాళ్ళు పగవాళ్ళు. ఇప్పుడు చెరి మూడూ గెలిచి సమానంగా ఉన్నారు. తేల్చే ఆట ఆదివారం, పచ్చవాళ్ళ ఊళ్ళోనే. ఏడాది పొడుగునా ఎక్కువ గెలిచింది వాళ్ళు కాబట్టి. ఎక్కువ గెలిచినవాళ్ళ గడ్డ మీదే ఆఖరాట. న్యాయమంటే అదీ.

శుక్రవారం, మధ్యాహ్నం

మా బుజ్జి ఆట కూడా ఆదివారమే. నా మనవరాలు. కాలవ నీళ్ళకని ఈ కన్నడ దేశానికి వలసొచ్చిన మా తెలుగువాళ్ళ ఊరిని క్యాంపంటారు. ఆ క్యాంపు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకి అదే కెప్టెను. చిక్కసూగూరు పిల్లల మీద ఒకటి గెలిచారు, ఒకటి ఓడారు. మూడోది మా కోర్టులో. ఈ వేసవి ఆటల్లో అందరికంటే ఎక్కువ గెలిచింది మావాళ్ళు — అందుకని మా కోర్టు. పీటీ టీచరు సావిత్రమ్మ ఎప్పుడో ఖాయం చేసింది.

ఇందాక బుజ్జి వచ్చింది, మొహం ఇంత చేసుకుని. "నానమ్మా, కోర్టు నిండా ధాన్యం పోసేశారు."

వెళ్ళి చూశా. ఈ రింగు కింద నుంచి ఆ రింగు కిందకి... అంగుళం ఖాళీ లేదు. రెండో పంట. మిషను కోసింది కోసినట్టు పచ్చిగా తెచ్చి పరిచారు. మా క్యాంపువాళ్ళకి సిమెంటు కనబడితే చెయ్యాగదు. రోడ్డయినా, కాలవ మీది వంతెనయినా, బడి వరండా అయినా. ఇటుకలు పెట్టి ఎవరి వంతు వాళ్ళు చేసుకుంటారు. ఇటుక పెట్టాక దాన్ని జరిపే మొనగాడు లేడు.

అందరికంటే పెద్ద వంతు, సరిగ్గా రింగు కింద... ఎవరిదో కాదు. నా కొడుకు శ్రీనుది.

"ఇంకా రెండెండలు పడాలమ్మా. ఆదివారం మాన్వి వెళ్ళి ఆడుకోమను. అక్కడా రింగుందిగా."

అక్కడా రింగుందట! అన్నం పక్కింట్లోనూ ఉంటది. మరి నీకు నేనెందుకు వండిపెట్టాన్రా ఇన్నేళ్ళు?

శుక్రవారం, సాయంత్రం

గెలిచాను. సుజాతా, ముందు ఆ ముక్క రాయి. తర్వాత మిగతాది.

వీర్రాజు బావగారి అరుగు మీద మగవాళ్ళంతా చేరారు. క్యాంపులో ఆయన మాటే మాట. మా ఆయనకి పెదనాన్న కొడుకు. నేను మెట్ల దగ్గరే నిలబడ్డా, కూర్చోమన్నా కూర్చోలేదు. కూర్చుంటే మోకాళ్ళు లేవనివ్వవు, లేవకపోతే కేకెయ్యలేను.

"ఏంటి మరదలా! ధాన్యం తడిస్తే నీ బంతి అన్నం పెడుద్దా?" అందరూ నవ్వారు. శ్రీను కూడా.

"పెట్టదు బావగారూ. మీ మనవడి పెళ్ళి షామియానా పెట్టిందా? అదీ ఈ సిమెంటు మీదేగా వేశారు. కోతల రోజుల్లోనేగా. అప్పుడు రాత్రికి రాత్రి అందరం మా ధాన్యం ఎత్తుకోలేదూ? ఇటుకలు నడిచి వెళ్ళాయా?"

బావగారు కాఫీ గ్లాసు దింపాడు.

"పెళ్ళీ ఆటా ఒకటేనా?" అన్నాడాయన.

"కాదు. పెళ్ళికి మీరు పిలిచారు, మేం వచ్చాం. ఆటకి ఆడపిల్లలు ఊరూరా తిరిగి గెలిచి ఈ కోర్టుని తెచ్చుకున్నారు. గెలిచినవాళ్ళ గడ్డ మీద ఆఖరాట. అమెరికాలోనూ అదే, చిక్కసూగూరులోనూ అదే. మన క్యాంపులోనే లేదా?"

లోపల నుంచి ఆయన భార్య — మా తోడికోడలు — గట్టిగా "బాగా అడిగావు రాఘవమ్మా" అంది. ఇంకేముంది. ఆయనకి కాఫీ అటునుంచే రావాలి.

తీర్పు: ఆదివారం మధ్యాహ్నానికి ఖాళీ. కానీ కోర్టు కడగకూడదు. ఆట అవగానే మళ్ళీ పరుచుకోవాలి. "ముందు నీ కొడుకుది ఎత్తించు" అన్నాడు, వెళ్ళిపోతున్న నన్ను ఆపి. అది మాత్రం మెలికే.

శనివారం, పొద్దున

బాస్కెట్‌బాల్ లేదు ఇవాళ. బుజ్జి ఫోనులో బేస్‌బాల్ పెట్టి పోయింది. నాకు అంతగా నచ్చదు. ఒకడు విసురుతాడు, ఒకడు కర్ర ఎత్తుకుని చూస్తాడు, వెనక ముసుగోడు గొంతుక్కూర్చుని వేళ్ళతో సైగలు... గోళ్ళు గిల్లుకోవడం తప్ప పనేం లేదు. ఒక్కటే గొప్ప. గడియారం లేదు. ఆఖరివాడు అవుటయ్యేదాకా ఓడినట్టు కాదు. బాస్కెట్‌బాల్లో టైమయిపోతే చచ్చినట్టే.

మధ్యలో వాన. అప్పుడు చూశా! పదిహేను ఇరవై మంది కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి, ఇంత లావు గొట్టానికి చుట్టి ఉన్న టార్పాలిన్ బరకాన్ని దొర్లించుకుంటూ ఆటస్థలం మీద కప్పేశారు. మనం ధాన్యం మీద కప్పినట్టే. కాకపోతే వాళ్ళు కప్పింది నేలకి. నేల తడవకూడదట.

పొయ్యి దగ్గర సుజాతని కేకేశా. పొలంలో నీళ్ళ పైపులు ఎన్నున్నాయే?

శనివారం, పగలు

శ్రీను ససేమిరా అన్నాడు. "నేనెత్తను. నువ్వే ఎత్తుకో."

ఎత్తా.

లాగుడు చెక్క పట్టుకుని రింగు కింద మొదలెట్టా. ఎండ నెత్తి మీద. రెండు లాగులకే నడుం పట్టేసింది. అయినా ఆపలేదు, అరుగుల మీద నుంచి అందరూ చూస్తున్నారని. ముందు సుజాత వచ్చింది. తర్వాత తోడికోడలు. తర్వాత ఒకరి వెనక ఒకరు ఆడవాళ్ళు, కొంగులు బిగించి. ధాన్యాన్ని అంచులకి లాగి రాశులు పోశాం. బరకాలు నీళ్ళ పైపులకి చుట్టి రాశి పక్కన పెట్టాం. మబ్బు పడితే ఇద్దరు దొర్లిస్తే చాలు. మగవాళ్ళు విడ్డూరంగా చూస్తున్నారు. చూడండి నాయనా, అమెరికా నుంచి తెప్పించా.

సావిత్రమ్మ టీచరు రాయచూరు నుంచి బస్సు దిగి వచ్చింది. పుట్టింది పెరిగింది అక్కడే, ఆ మాటే వేరు. రాశులు చూసి గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది పెద్దమ్మా, గిట్ల పోసిన్రు? నిన్ననే ఎవరో ఫోన్ జేసి కోర్టు మొత్తం వడ్లే ఉన్నయన్నరు. నాకు నిద్ర వట్టలే."

"ఇప్పుడు చూడు. పక్కన ఉన్నాయి, ప్రేక్షకుల్లాగా."

"మరి ఈ దుమ్ము? పోరగాండ్లు జారి పడ్తరు."

కడగొద్దని తీర్పు. అంచేత గోనెసంచులు తడిపి, పిండి, కోర్టంతా ఈడ్చాం. నుసి మొత్తం సంచులకి అంటుకుంది. సిమెంటు ఆరింది. కడగలేదు బావగారూ, తుడిచాం. సావిత్రమ్మ చెప్పుతో గీకి చూసి, "నీ దిమాగే దిమాగు" అంది.

శ్రీను రాత్రి అలిగే అన్నం తిన్నాడు. అలిగితే కందిపచ్చడి మిగులుద్దా? మూడుసార్లు వేయించుకున్నాడు.

ఆదివారం, పొద్దున

పచ్చవాళ్ళు గెలిచారు!!

సుజాతా, ఆ గీతలు ఇంకో రెండు పెట్టు. ఒక్క పాయింటు వెనక. గడియారంలో ఊపిరి పీల్చేంత టైము. ఆ గడ్డపోడే — శుక్రవారం నేను నానా తిట్లూ తిట్టినవాడే — ఈసారి బంతి పక్కవాడికిచ్చాడు. వాడు ఎగరేశాడు. రింగు మీద తిరిగీ తిరిగీ... పడింది. నేనరిచిన అరుపుకి శ్రీను నేను పడిపోయాననుకుని లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందమ్మా!"

"గెలిచాం రా!"

ఒక్క క్షణం నవ్వాడు. తర్వాత గుర్తొచ్చి మొహం ముడుచుకున్నాడు.

ఆదివారం, పొద్దు గూకాక

అరిచీ అరిచీ నాకు గొంతు పోయింది. అయినా చెప్తా.

చిక్కసూగూరువాళ్ళు టెంపోలో వచ్చారు. పిల్లలూ, వెనకే తల్లులు, ఒక ముసలాయన. కాలే నేల మీద నిలబడ్డారు పాపం. గెలిచినవాళ్ళ గడ్డ అంటే గెలిచినవాళ్ళ ఇల్లు. ఇంటికొచ్చినవాళ్ళని నిలబెడతామా? ఆకాశం చూశా, తేటగా ఉంది. శ్రీను రాశి పక్కనున్న పెద్ద నీలం బరకాన్ని పైపు మీంచి విప్పించి వాళ్ళకి పరిపించా. మజ్జిగ ఇప్పించా. ముసలాయన దణ్ణం పెట్టాడు.

ఆట. చెప్పేదేముంది, చూడాలి. పక్క ఊరు మల్లట్ నుంచి వచ్చిన కన్నడ పిల్లలు గోడెక్కి "హాకు, హాకు" అని అరుస్తున్నారు — వెయ్యి, వెయ్యి అని. ఆ పిల్లలు పొడుగు. మావాళ్ళు చురుకు. సగం ఆటకి మేం వెనక. బుజ్జి మోకాలు దోక్కుపోయింది. దగ్గరికి పిలిచి "బంతి పంచవే, పంచు" అన్నా. "తెలుసు నానమ్మా!" అని కసిరింది. నా పోలికే.

ఆఖర్లో ఒక్క పాయింటు వెనక. బుజ్జి రింగు మీదికి దూకితే వాళ్ళ పిల్ల చెయ్యి పట్టి లాగింది. రిఫరీ విజిలు. రెండు ఫ్రీ త్రోలు. ఒకటి పడితే సమానం. రెండూ పడితే మాది.

అప్పుడే పడమట నుంచి గాలి. ఎక్కడ దాక్కుందో మబ్బు — నల్లగా మీదికొచ్చేసింది. మగవాళ్ళంతా రాశుల వైపు ఉరికారు. పైపులు దొర్లాయి, బరకాలు పరుచుకున్నాయి, నేను చెప్పినట్టే. శ్రీను తన రాశి దగ్గర నిలబడి చూస్తున్నాడు. బరకం లేదు.

"అమ్మా! బరకం!"

బరకం మీద చుట్టాలు కూర్చుని ఉన్నారు. లేపితే అందరూ లేస్తారు, కోర్టు పక్కనే గోల. బుజ్జి బంతి పట్టుకుని గీత దగ్గర నిలబడి ఉంది. రింగునే చూస్తోంది.

"ఆగరా. రెండు బంతులు."

అన్నాను. అవును, అదే అన్నాను. రాయి.

మొదటిది పడింది. గోడ మీద పిల్లలు పిచ్చెక్కిపోయారు. వీర్రాజు బావగారు తన రాశి మీద పట్టుకున్న బరకం కొస వదిలేసి చూస్తున్నాడు — నేను చూశా! రెండోదానికి చినుకు మొదలైంది. బుజ్జి కళ్ళు తుడుచుకుంది. ఎగరేసింది.

రింగు తాకనే లేదు. నేరుగా లోపలికి.

గెలిచాం. ఆట అయిందని విజిలూ, వానా ఒకేసారి. పిల్లలు తడుస్తూ గంతులు. సావిత్రమ్మ నన్ను వాటేసుకుని "పెద్దమ్మా, మనం గెల్సినం, మనం గెల్సినం" అని ఏడుస్తోంది. చిక్కసూగూరు తల్లులే బరకం పట్టుకుని శ్రీను దగ్గరికి పరిగెత్తారు. అప్పటికే రాశి పైనంతా నీళ్ళు ఏరులు కట్టాయి.

గెలిచాం. ఇంకోసారి రాయి.

సోమవారం

ఎండ. శ్రీను తెల్లారకముందే తడిసిన ధాన్యాన్ని కోర్టు మీద పరిచాడు. రింగు కింద. ఒక్కడే తిరగేస్తున్నాడు. చెక్క పట్టుకుని వెళ్ళా. "నువ్వెళ్ళమ్మా, నడుం పట్టేస్తది" అన్నాడు. కోపంగా అంటే బాగుండేది.

పైపొర తడిసింది, అడుగు బానే ఉంది. మిగతావాళ్ళ రాశులు చుక్క తడవలేదు. పరిచి ఉంటే మొత్తం క్యాంపు ధాన్యం పోయేది. ఆ మాట వీర్రాజు బావగారే నలుగురిలో అన్నాడు. అందరివీ నిలబెట్టా.

అందరివీ... ఒక్కడిది తప్ప. సుజాత కలం ఆపింది. దాని మొగుడి ధాన్యమేగా. రాయవే.

మంగళవారం

పచ్చవాళ్ళకి పై ఆట ఇంకో జట్టుతో. తెల్ల బనియన్లు. బుజ్జి ఫోనులో పెట్టింది, సగం చూశా.

సావిత్రమ్మ ఫోను: "పెద్దమ్మా, వచ్చే ఐతారం రాయచూరు పిల్లలతోని ఆట. మనం ఎక్కువ గెల్సినం గద, మన కోర్టే! రెండు దినాల ముందే ఖాళీ గావాలె. పిల్లలు ప్రాక్టీస్ జేస్కోవాలె. చెప్పాల్నా వాళ్ళకు?"

"అడిగి చెప్తా."

"నువ్వు అడుగుడేంది!" అని నవ్వింది.

ధాన్యం తిరగేస్తే వాసన వస్తోంది. మొలక కట్టకుండా ఆపాలంటే వరసగా ఎండలు పడాలి. మబ్బు వస్తూ పోతూ ఉంది.

బుధవారం

బుజ్జి పొద్దున్నే: "నాన్నని అడిగావా?"

వీర్రాజు బావగారు దారిలో: "ఏం మరదలా, ఈసారి మేం అడ్డం రాం. నీ ఇంట్లో ఒక్క ఇటుకే జరపాలి." వెక్కిరింత కాదు. అదే గుచ్చుకుంది.

మధ్యాహ్నం శ్రీను కంచం ముందు కూర్చున్నాడు. వేళ్ళ సందుల్లో ఇంకా నుసి. నేనే వడ్డించా. పప్పు వేశా, నెయ్యి వేశా. అక్కడే నిలబడ్డా.

"ఏంటమ్మా, ఏదో అడగాలని వచ్చావు" అన్నాడు తలెత్తకుండా.

క్యాంపు మొత్తాన్నీ నిలబడి అడిగినదాన్ని. ఇవాళ కేకెయ్యడానికి రాలేదు. కూర్చున్నా వాడి ఎదురుగా.

"అడుగు" అన్నాడు.