పులుసు పట్టని ఎండ్రకాయ కాళ్ళు

తిరుపతి, ఆదివారం రాత్రి

ఆయన పోయాక ఇంట్లో ఎండ్రకాయలు వండటం ఇదే మొదలు. పొద్దున చేపలాయన మా వీధిలో ఆటో ఆపి, "పులికాట్ సరుకక్కా, కాళ్ళు సూడు ఎంత లావుండాయో" అన్నాడు. కాదనలేకపోయాను.

పెద్ద కాళ్ళు చితగ్గొట్టడం ఎప్పుడూ ఆయన పనే. వెనక గుమ్మంలో కూర్చుని, పాత తువ్వాలులో చుట్టి, రోకలితో పెంకు చిట్లేలా కొట్టేవాడు. ఆ చప్పుడు ఆగాకే నేను వాటిని పులుసులో వేసేదాన్ని. ఇవాళ తాలింపు వేసి, ఆ చప్పుడు కోసమే చూస్తూ నిలబడిపోయాను. ఉల్లిపాయ మాడిన వాసన వచ్చాక గానీ తెలివి రాలేదు. కంగారులో కాళ్ళన్నీ అట్లాగే గిన్నెలో వేసేశాను.

అన్నం దగ్గర పాప ఒక కాలు కొరికి చూసింది. "మా, కొట్టకుండానే ఏసేసినావే!" అని లేచి, రోకలి తెచ్చుకుని, వాళ్ళ నాయన కూర్చునే చోటే కూర్చుంది. పెంకు పగలగొట్టి, కండ తీసి నా కంచంలో పెట్టింది.

"నాయన ఎప్పుడూ ముందు నీకే పెడతా ఉండె గదా."

ఆయన పోయినప్పటి నుంచి ఈ పిల్ల నా ముందు ఒక్కసారీ ఏడవలేదు. అదే నా భయం.

అంతసేపు పులుసులో ఉడికినా కండలోకి ఉప్పూ పులుపూ దిగలేదు. చప్పగా ఉంది. బాగుందన్నాను. తనూ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, తల ఎత్తకుండా, "బాగుండాది మా" అంది.

గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇద్దరం ఆ మాటే చెప్పుకుంటూ తిన్నాం.