ఆ నగరంలో కరెంటు పోదు

ఆగస్టు 13, శనివారం

ల్యాప్‌టాప్ వచ్చింది. మా పిన్ని కొడుకు రాఫిద్ ఇచ్చాడు. కంప్యూటర్లు బాగుచేస్తాడు వాడు. ఎవరో వదిలేసి పోయిన పాతది, మూత మీద పగులు, ఒక కీ ఊడిపోయింది. అందులో ఒక ఆట ఎక్కించాడు. సైబర్‌పంక్ అంటారట. వీడియో గేములు నేనెప్పుడూ ఆడలేదు. ఆటలు జనాన్ని జోకొట్టడానికి పైవాళ్ళు వాడే మందు అని పుస్తకాలమ్మే ముతనబ్బీ వీధిలో కొన్న ఒక కరపత్రంలో ఉంది. ఆ ముక్కే వాడికి చెప్పాను. ఓరి ముహన్నద్, విప్లవ వీరుడా, ముందు ఒక గంట ఆడు, ఉపన్యాసం తర్వాత ఇద్దువుగాని అన్నాడు.

రోజుకు పన్నెండు గంటలు మా సందు జనరేటర్ నడుపుతూ రేకుల గదిలో కూర్చునేవాణ్ణి. నాకు జోకొట్టే మందు వేరే కావాలా?

ఆగస్టు 14, ఆదివారం. సాయంత్రం 4

యాభై డిగ్రీలు. సర్కారు కరెంటు ఉంది. అంటే జనరేటర్ ఆగి ఉంది. అంటే నాకు చెవులున్నాయి. ఆట మొదలుపెట్టాను.

మొదట కనిపించింది వాన. బగ్దాద్‌లో ఆగస్టు నెలలో కూర్చుని వాన చూస్తున్నాను. తెర మీద చెయ్యి పెట్టి చూశాను, సిగ్గు లేకుండా.

ఆకాశం కనబడని ఊరు. గోడ నుంచి గోడకి వైర్లు, వైర్ల మీద వైర్లు. నీళ్ళు కంపెనీవి, పోలీసులు కంపెనీ వాళ్ళు, మనుషుల కళ్ళు కూడా కంపెనీ బిగించినవే. ఇది భవిష్యత్తు అని నిన్న అన్నాడు రాఫిద్. తలెత్తి కిటికీలోంచి మా సందు చూశాను. నూట నలభై ఇళ్ళకి నా జనరేటర్ బోర్డు నుంచి పోయే వైర్లు. పావురం దూరాలన్నా చోటు లేదు. భవిష్యత్తు మా సందులోకి ఎప్పుడో వచ్చింది. వాన ఒక్కటే వెనకబడింది.

ఒక విషయం మింగుడు పడలేదు. రెండు గంటలు ఆడాను, ఆ ఊళ్ళో ఒక్కసారి కూడా కరెంటు పోలేదు. తిండి లేదు, న్యాయం లేదు, సొంత కళ్ళు లేవు, కరెంటు మాత్రం ఉంది! ఇదేం దోపిడీ? అలాంటి దోపిడీదారు మా సందుకి వస్తే మావాళ్ళు భుజాల మీద ఊరేగిస్తారు.

నాకు ఇనప చెయ్యి ఇచ్చారు. ఏడుసార్లు చచ్చాను.

ఆగస్టు 15, సోమవారం

ఒళ్ళు మండిపోతోంది. రాయకపోతే ఎవరినో కొడతాను.

ఈ జనరేటర్ అబూ సర్మద్‌ది. మామూలు లైను వాళ్ళకి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆపెయ్యమన్నాడు, డీజిలు మిగలాలట. ఎక్కువ డబ్బు కట్టే గోల్డెన్ లైను వాళ్ళకి మాత్రం ఇరవైనాలుగు గంటలూ ఇవ్వాలి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఆపడమేమిటి అని అడిగాను. ఎండని నేను పెట్టానా నాయనా, వెళ్ళి దేవుడి గేటు కొట్టు అన్నాడు.

మూడో ఇంట్లో ముసలావిడ హాజియా ఫఖ్రియా ఉంది. ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచం పక్కన ఆక్సిజన్ మిషను, కరెంటు ఉంటేనే నడుస్తుంది. ఒక సిలిండర్ కూడా ఉంది, కానీ దాని మూత తిప్పే బలం ఆమె చేతులకి లేదు. కొడుకు సత్తార్ రొట్టెల బట్టీ దగ్గర పని చేస్తాడు, సాయంత్రం ఆరు దాకా రాడు. అంటే పగలంతా ఆమె ఊపిరి నా బోర్డు మీద ఉంది.

ఆమెది మామూలు లైను. ఈ రోజు ఎవరికీ చెప్పకుండా గోల్డెన్ లైనుకి మార్చాను. వెళ్ళి చెప్పాను కూడా, కరెంటు పోతే మూడు నిమిషాల్లో నేను ఇస్తాను, నా మాట అని. ఆమె నవ్వి, నీ మాటకి ఎన్ని ఆంపియర్లురా బిడ్డా అంది.

ఆగస్టు 16, మంగళవారం

ఆటలో కంపెనీ టవర్ ఎక్కాను. పై అంతస్తులో మీట లాగితే పేదల వాడ అంతా వెలిగింది. లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. బయట ఒక పిల్లి పారిపోయింది.

ఆగస్టు 17, బుధవారం

ల్యాప్‌టాప్ బ్యాటరీ రెండు గంటలకే దిగిపోతుంది. గదిలో సర్కారు లైను మీద ఉన్నది ఒకే ఒక హోల్డర్, తలుపు మీద బల్బుది. సర్కారు కరెంటు పోయి ఆ బల్బు ఆరిందంటే నేను లేవాలి, ఇంజను తిప్పాలి, బ్రేకర్లు ఎత్తాలి. నా ఉద్యోగమంతా ఇదే, ఒక బల్బు వంక చూస్తూ కూర్చోవడం. రెండేళ్ళుగా చూస్తున్నాను. కళ్ళు మూసుకున్నా అదే కనిపిస్తుంది.

బల్బు తీసేశాను. ఆ హోల్డర్లో ప్లగ్గు బిగించి ఛార్జరు పెట్టాను. ఛార్జింగ్ గుర్తు తెర మీద కనిపిస్తుంది కదా, అది పోతే కరెంటు పోయినట్టే. బల్బుకీ దానికీ తేడా ఏముంది?

ఆగస్టు 18, గురువారం

కరపత్రం రాశాను. పేరు పెట్టలేదు. కింద 'ఒక పౌరుడు' అని మాత్రం ఉంది. "మన సందులో నూట నలభై ఇళ్ళ ఊపిరి ఒక్కడి పిడికిట్లో ఉంది. వాడు పిడికిలి బిగిస్తే మన ముసలితల్లులు నోరు తెరిచి గాలి కోసం వెతుక్కోవాలి." నలభై కాపీలు తీయించి పొద్దున్నే స్తంభాలకి అంటించాను.

అబూ సర్మద్ ఒకటి పీక్కుని గదికి వచ్చాడు. నా ముందే గట్టిగా చదివాడు. చదివి, పిడికిలి మాట బాగుంది అన్నాడు. తర్వాత బోర్డు మీద బ్రేకర్ల కింద నేను రాసిన పేర్లు చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ బోర్డు చూశాడు. ఈ పౌరుడి చేతిరాత ముత్యాల్లా ఉంది, కనబడితే చెప్పు, వాడితో నా గేటు మీద పేరు రాయించుకోవాలి అని వెళ్ళిపోయాడు.

నన్ను పనిలోంచి తియ్యలేదు. తీసేస్తే బాగుండేది.

ఆగస్టు 20, శనివారం. సాయంత్రం 7

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రెండున్నరకి ఆటలో కూర్చున్నాను. చెవుల్లో హెడ్‌ఫోన్. ఆట తెర నిండా ఉంటుంది, ఛార్జింగ్ గుర్తు దాని వెనక ఉంటుంది. ఇది ముందే తెలియాలి నాకు. తెలియలేదు. కరెంటు పోయినప్పుడు ఎవరికైనా మొదట ఫ్యాను చెబుతుంది. నాది ఛార్జింగ్ ఫ్యాను. అది తిరుగుతూనే ఉంది. ల్యాప్‌టాప్ వెలుగుతూనే ఉంది. నా గదిలో ఉన్న ప్రతి వస్తువుకీ సొంత బ్యాటరీ ఉంది. కరెంటు పోయిందని సందులో అందరికీ తెలుసు, కరెంటు ఇవ్వాల్సినవాడికి తప్ప.

ఎవరో రేకుల మీద గుద్దారు. హెడ్‌ఫోన్ తీశాను. ఆడవాళ్ళ కేకలు. ఇంజను తిప్పాను. చేతులు వాటంతటవే పనిచేశాయి. బ్రేకరెత్తి పరిగెత్తాను. హాజియాని అప్పటికే దుప్పటిలో మోసుకొస్తున్నారు. పెదవులు వంకాయ రంగు. ఎదురింటి ఆవిడ ఏడుస్తూ, ఇరవై నిమిషాలు, ఇరవై నిమిషాలు అంటోంది.

తెర మీద ఆట నడుస్తూనే ఉంది. అక్కడ వాన.

ఆగస్టు 21, ఆదివారం

బతికి ఉంది. ఆసుపత్రిలో ఉంది. మాట్లాడటం లేదు.

ఎవరూ నన్ను అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. రాత్రే చెప్పేవాణ్ణి. అందరూ వాళ్ళంతట వాళ్ళే జవాబు తెలుసుకున్నారు: అబూ సర్మద్ డీజిలు మిగుల్చుకోవడానికి ఆపాడు. నా కరపత్రం వేళ్ళు పెట్టి చదువుతున్నారు. ఆ పౌరుడు ముందే చెప్పాడు చూశావా అంటున్నారు. ఒకాయన కళ్ళకద్దుకున్నాడు ఆ కాగితాన్ని.

అబూ సర్మద్ గేటు మీద ఎర్ర రంగుతో రాశారు: ఇతన్ని తెగ పిలుస్తోంది. సత్తార్ తెగ మనుషులే రాశారు, పంచాయితీకి రమ్మని. ఇక ఆ గేటు లోంచి ఎవరూ సరుకులకి కూడా బయటికి రారు, పంచాయితీ అయ్యేదాకా. శుక్రవారం కూర్చుంటారు. సత్తార్ కోరేది ఒకటే, అబూ సర్మద్ ఇల్లూ జనరేటరూ వదిలి, పెళ్ళాం పిల్లలతో సహా ఈ సందు నుంచి వెళ్ళిపోవాలి.

నేను రెండేళ్ళుగా కోరుకున్నది కూడా ఇదే.

ఆగస్టు 22, సోమవారం

పెరటి గోడ దూకి అబూ సర్మద్ దగ్గరికి వెళ్ళాను. ఒంటి మీద బనీనుతో కూర్చుని పుచ్చకాయ తింటున్నాడు. అంతా చెప్పాను. బల్బు, హోల్డరు, ఆట, అంతా.

నాకు తెలుసు అన్నాడు. శనివారమే వచ్చి చూశాను, హోల్డర్లో నీ ఛార్జరు వేలాడుతోంది అన్నాడు.

మరి ఎందుకు చెప్పలేదు అని అరిచాను. మెల్లగా అరవరా, ఆడవాళ్ళు నిద్రపోతున్నారు అన్నాడు. నీ వెనక ఎవరున్నార్రా? మీ నాన్న బస్రా నుంచి ఒంటరిగా వచ్చినవాడు, పంచాయితీలో నీ పక్కన కూర్చోడానికి నలుగురు లేరు. నువ్వు చెబితే ఇంటికెళ్ళేలోపే నిన్ను కుళ్ళబొడుస్తారు. నాకు పదిమంది ఉన్నారు. నన్ను పొమ్మంటారు, పోతాను, ఇంకో సందులో ఇంకో ఇంజను పెట్టుకుంటాను. నువ్వూ నాతో వస్తావు. నేను ఉన్నన్నాళ్ళూ నా బోర్డు దగ్గరే కూర్చుంటావు. ఇక కరపత్రాలు లేవు. అని, పుచ్చకాయ ముక్క నా చేతిలో పెట్టాడు.

తిన్నాను. ఎందుకు తిన్నానో తెలియదు.

దోపిడీదారు ఇలా ఉంటాడని ఏ కరపత్రంలోనూ లేదు.

ఆగస్టు 23, మంగళవారం

ల్యాప్‌టాప్ రాఫిద్‌కి ఇచ్చేశాను, ఏ లెవెల్ దాకా వెళ్ళావు అని అడిగాడు.

ఆగస్టు 25, గురువారం

హాజియాని ఇంటికి తెచ్చారు. కిటికీ కింద నిలబడ్డాను. మిషను చప్పుడు వినిపించింది. లోపలికి వెళ్ళే ధైర్యం లేదు. రేపు అబూ సర్మద్ వైపు వరసలో నన్ను కూడా కూర్చోమన్నారు, మనుషులు నిండుగా కనిపించాలట.

ఆగస్టు 26, శుక్రవారం. సాయంత్రం

సత్తార్ ఇంటి ముందు గదిలో కూర్చున్నాం. మేము పదిమందిమి గోడకానుకుని. మాలో పదోవాడు, మా తరఫున మాట్లాడటానికి వచ్చిన తెగ పెద్ద ముసలి షేక్, మధ్యలో. సత్తార్ మనుషులు ఎదురుగా. ఆడవాళ్ళు పక్క గదిలో, తలుపు ఓరగా వేసి ఉంది. సత్తార్ కాఫీ పోయించాడు. ఎవరూ ముట్టలేదు. షేక్ తన గిన్నె నేల మీద పెట్టి, మేము వచ్చిన పని అయితేనే తాగుతాం అన్నాడు. పది గిన్నెలు నేల మీద ఉన్నాయి. కాఫీ చల్లారుతోంది.

తప్పు ఎవరిదో పేరు చెప్పండి అన్నాడు సత్తార్. గడ్డం మాసి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాది అన్నాడు అబూ సర్మద్. వెంటనే అన్నాడు, టీ ఎవరికి అంటే చెయ్యెత్తినట్టు. అయితే నెలాఖరుకి సందు వదిలి పో అన్నాడు సత్తార్. పోతాను అన్నాడు. షేక్ దేవుణ్ణి తలుచుకుని, ఇక తాగండి అన్నాడు.

తొమ్మిది గిన్నెలు లేచాయి.

తాగితే అంతా ముగిసిపోతుంది. అబూ సర్మద్ పోతాడు, నేను అతని వెనక పోతాను, హాజియా ఎప్పటికీ అతణ్ణే తిడుతూ ఉంటుంది. చెయ్యి చాచాను కూడా. గిన్నె పట్టుకున్నాను. ఎత్తలేకపోయాను.

షేక్ చూశాడు. తర్వాత అందరూ చూశారు. తాగు బిడ్డా, అందరి నోళ్ళూ నీకోసం ఆగాయి అన్నాడు షేక్. అబూ సర్మద్ పళ్ళు బిగించి, తాగరా గాడిదా అన్నాడు.

నేను తాగను, కరెంటు ఇవ్వనిది నేను అన్నాను. ఆ కరపత్రం రాసింది కూడా నేనే అన్నాను.

సత్తార్ లేచి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. ఆ ఇరవై నిమిషాలూ ఏం చేస్తున్నావు అని అడిగాడు. ఆట ఆడుతున్నాను అన్నాను. అంత రేకుల గదిలో బంతాట ఎలా ఆడావురా అన్నాడు వెనక నుంచి ఒకాయన, నిజంగానే తెలియక. ఎవరూ నవ్వలేదు. సత్తార్ నా చొక్కా పట్టుకున్నాడు. పట్టుకుని వదల్లేదు, కొట్టలేదు. బట్టీ పిండి వాసన వస్తోంది అతని దగ్గర. అబూ సర్మద్ లేవబోతే పక్కవాళ్ళు కూర్చోబెట్టారు. వీణ్ణి ఈ రోజే సందు దాటించండి అని ఎదుటి వరసలోంచి అరిచారు.

అప్పుడు తలుపు అవతల నుంచి హాజియా గొంతు. ఒక్కో మాటకీ మిషను ఒక చప్పుడు. పంపితే వాడికే సుఖం అంది. ఎక్కడికీ పంపకండి. ఇక్కడ కూర్చోబెట్టండి నా పక్కన. కరెంటు పోయినప్పుడల్లా ఆ సిలిండర్ మూత వాడే తిప్పాలి. నేను ఉన్నన్నాళ్ళూ.

షేక్ తల ఊపాడు. సత్తార్ నా చొక్కా వదిలాడు. గేటు మీద రంగు రేపు తుడవాలి, అదీ నేనే తుడవాలి అని చెప్పారు. అబూ సర్మద్ ఇక సందు వదలక్కర్లేదు, బోర్డు దగ్గరికి కొత్తవాణ్ణి పెట్టుకోమన్నారు. అబూ సర్మద్ నా వంక చూడలేదు. వెళుతూ నా చెప్పులు తన్ని వెళ్ళాడు.

కాఫీ తాగాను. చల్లగా, చేదుగా ఉంది.

సెప్టెంబర్ 4, ఆదివారం. మధ్యాహ్నం 3.40

కరెంటు పోయింది. కొత్తవాడికి నాలుగు నిమిషాలు పట్టింది. మూత తిప్పాను.

హాజియాకి ఊపిరి అందాక, ఆ ఆటేమిటో చెప్పమంది. వాన, వైర్లు, కంపెనీ, ఇనప చెయ్యి, కరెంటు పోని ఊరు, అన్నీ చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నది. నిద్రపోయిందనుకున్నాను. మరి ఆ ఊళ్ళో ముసలివాళ్ళు ఎక్కడుంటార్రా అని అడిగింది.

ఇంకా గుర్తు చేసుకుంటున్నాను. సందు సందూ తిరిగాను ఆ ఊరు. ఒక్కరు కూడా కనపడలేదు.