చిలకపచ్చ ల్యాప్‌టాప్

అక్కా,

ఈ పొద్దున మిద్దె మీద ఆరబెట్టిన నీ ల్యాప్‌టాప్ మూతకు, తడి రంగులో ఒక చీమ అంటుకుని ఉంది. సూదిమొనతో తీసేశాను. దాని కాళ్ల గుర్తులు ఉండిపోయాయి.

రేపు నీ సంవత్సరీకం. పోయినవాళ్ల వస్తువులు ఆలోపే ఇల్లు దాటాలని అవ్వ నీ చీరలన్నీ పంచేసింది. ల్యాప్‌టాప్ మాత్రం నేను ఇవ్వనన్నాను.

"మొండిదానివే. నల్లరంగన్నా కొట్టు. ఎవురన్నా అడిగితే కొత్తదని చెప్పుకోవచ్చు," అన్నాడు చిన్నాయన.

తెరకూ, ఛార్జరు పెట్టే రంధ్రాలకూ టేపు అంటించి, అల్యూమినియం మూతను గరుకు కాగితంతో రుద్ది, అడుగుపూతగా ప్రైమర్ కొట్టి, దాని మీద చిలకపచ్చ వేశాను. నువ్వు నంద్యాల బస్సు దిగుతూ జారవిడిచినప్పుడు పడిన సొట్టను పూడ్చలేదు.

చిన్నాయన మిద్దెక్కి చూశాడు. "ఏందిది పాపా, ఆళ్లగడ్డ ఊరంతటికీ కనపడేట్టుందే?"

"కనపడాలనే కొట్టినా చిన్నాయనా. ఎవురడిగినా మా అక్కదనే చెప్తా."

నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. ఆయన మెట్లు దిగిపోయాడు.

రంగు డబ్బా నేను కొన్నది కాదు. అవ్వ నీ చీరలు తీసేటప్పుడు బీరువాలో వాటి వెనక దొరికింది. నువ్వు దాని సీలు కూడా విప్పలేదు.